తల్లిని చూశాకే పిల్ల

పాడిగేదెను కొనడానికి వెళ్లిన రైతు దాని నిగనిగలు చూసి డబ్బు తీయడు. రెండు పూటలా దగ్గరుండి పాలు పిండిస్తాడు. ఎన్నో ఈత అని అడుగుతాడు, పళ్లు చూస్తాడు, పొదుగు తడిమి చూస్తాడు, దాని తల్లి ఎవరింట్లో ఎన్ని లీటర్లిచ్చిందో ఊళ్లో వాకబు చేస్తాడు. తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను తెచ్చుకోవాలని సామెత చెప్పుకున్నవాళ్లం మనం. ఆ రైతు కొడుకే హైదరాబాద్‌లో ఉద్యోగంలో కుదురుకుని కుక్కపిల్లను కొనాలనుకుంటే ఫోన్లో ఒక ఫొటో చూస్తాడు, సగం డబ్బు ముందే పంపిస్తాడు, ఆదివారం పొద్దున ఏ బస్టాండు పక్కనో నిలబడి అట్టపెట్టెలో పిల్లను అందుకుంటాడు. దాని తల్లి ఎక్కడుందని అడగడు. తల్లంటూ ఒకటి ఉంటుందన్న ఆలోచనే ఆ బేరంలో ఎక్కడా రాదు.

కుక్కపిల్లల వ్యాపారంలో కంటికి కనబడని ప్రాణి ఆ తల్లికుక్కే. అమ్మేవాళ్లు పిల్ల ఎముకల గురించి చెబుతారు, బొచ్చు గురించి చెబుతారు. ‘హెవీ బోన్ సార్’, ‘పంచ్ ఫేస్ సార్’, ‘ఛాంపియన్ బ్లడ్‌లైన్ సార్’ అంటారు. కేసీఐ పేపర్లతో అయితే ఒక రేటు, పేపర్లు లేకుండా అయితే ఒక రేటు. ఆ పేపర్లు కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే వంశపత్రం. పిల్ల తల్లిదండ్రులెవరో, తాతముత్తాతలెవరో అందులో ఉంటుంది. ఆ తల్లి తుంటికీళ్లు ఎలా ఉన్నాయి, గుండె ఎలా ఉంది, అది రోజూ కాసేపైనా ఎండలో తిరుగుతుందా అన్న సంగతులు అందులో ఉండవు. కొనేవాళ్లలో చాలామంది దాన్ని ఆరోగ్యానికి పూచీ అనుకుని బీరువాలో దాచుకుంటారు.

మా ఆఫీసు మిత్రుడొకరు పిల్లల పోరు పడలేక లాబ్రడార్ పిల్లను తెద్దామనుకున్నప్పుడు నన్ను తోడు రమ్మన్నారు. అమ్మే మనిషి ఫోన్లో చాలా మర్యాదగా మాట్లాడాడు. ‘మీకెందుకు సార్ శ్రమ, మేమే తెచ్చిస్తాం’ అన్నాడు. తల్లిని చూడాలన్నాం. తల్లి ఊళ్లో ఉందన్నాడు. ఆ ఊరికే వస్తామన్నాం. దానికి ఒంట్లో బాగాలేదని ఒకసారి, కొత్తవాళ్లను చూస్తే మీద పడుతుందని ఇంకోసారి చెప్పాడు. చివరికి బేరం పోతుందనిపించిందేమో, రమ్మన్నాడు.

ఊరవతల, ఒకప్పుడు కోళ్లఫారంగా వాడిన రేకుల షెడ్డు అది. తలుపు తీయగానే ఉచ్చకంపు ఘాటుకు కళ్లు మండాయి. కింద సిమెంటు గచ్చు, మీద వరసగా ఇనుప బోనులు. లాబ్రడార్లు, పగ్‌లు, షిట్‌జూలు, ఒక మూల గోల్డెన్ రిట్రీవర్. మమ్మల్ని చూసి అన్నీ ఒక్కసారిగా మొరుగుతాయనుకున్నాను. రెండు మూడు మాత్రం మొరిగాయి. మిగిలినవి పడుకున్న చోటు నుంచి తల కూడా ఎత్తలేదు. మేం చూడ్డానికి వెళ్లిన తల్లి చివరి బోనులో ఉంది. లేత పసుపురంగు. మోచేతుల దగ్గర బొచ్చంతా ఊడిపోయి చర్మం నల్లగా, మందంగా కాయగట్టింది. రాత్రింబవళ్లు గచ్చుమీద పడుకునే కుక్కలకు అలా కాయలు కాస్తాయి. గోళ్లు బారెడు పెరిగి పక్కకు వంకరపోయాయి. నేలమీద తిరిగే కుక్కకు గోళ్లు వాటంతటవే అరిగిపోతాయి కాబట్టి, ఆ గోళ్లను చూస్తేనే అది ఎన్నాళ్లుగా నడకకు నోచుకోలేదో తెలిసిపోయింది. పొట్టకింద చన్నులు సాగి వేలాడుతున్నాయి. ఎన్నో ఈత అని అడిగితే ‘మూడో నాలుగో సార్’ అన్నాడు. వయసెంత అంటే మూడేళ్లన్నాడు. మా మిత్రుడు ఊచల్లోంచి చేయి పెడితే అది మెల్లగా లేచి వచ్చి వాసన చూసి తోక ఊపింది. లాబ్రడార్ స్వభావమే అంత. ఎవరెంత హింసపెట్టినా మనిషిని చూస్తే తోక ఊపుతుంది. దాని మంచితనమే దానికి శాపమైంది.

బయటికొచ్చాక మా మిత్రుడు ‘ఆ పిల్లను ఈ నరకంలోంచి తప్పించడానికైనా కొందామా’ అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అలాంటి షెడ్డు చూసిన ప్రతి మనిషికీ అదే అనిపిస్తుంది, అందులో తప్పులేదు. కానీ ఆ పిల్లకు మనమిచ్చే డబ్బు చేరేది ఆ తల్లికి కాదు. అది ఎదకొచ్చిన వెంటనే మళ్లీ క్రాసింగ్ చేయించడానికి అదే పెట్టుబడి. మనం ఒక పిల్లను బయటికి తెస్తే, ఆ ఖాళీలోకి ఇంకో ఈత పిల్లలొస్తాయి. జాలిపడి కొన్నా సరదాపడి కొన్నా ఆ వ్యాపారి లెక్కలో రెండూ ఒకటే. చేయవలసింది ఫిర్యాదు. అది కొనడం కన్నా కష్టమైన పని. ఫలితం కూడా వెంటనే కనబడదు. అయినా ఆ బోనులోని తల్లికి పనికొచ్చేది అదొక్కటే.

ఫిర్యాదు చేయడానికి ఆధారం లేకపోలేదు. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 2017లో కుక్కల పెంపకానికి, అమ్మకానికి నియమాలు తెచ్చింది. కుక్కల్ని ఈనించి పిల్లల్ని అమ్మేవాళ్లెవరైనా రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టరు చేసుకోవాలి. ఆడకుక్కకు 18 నెలలు నిండనిదే జతకట్టించకూడదు. ఏడాదికి ఒక్క ఈతే. జన్మలో అయిదు ఈతలకు మించకూడదు. ఎనిమిదేళ్లు దాటితే ఇక దాని జోలికే పోకూడదు. కుక్కలకు మైక్రోచిప్ వేయించాలి, రికార్డులు రాయాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఈ లెక్కన చూస్తే మూడేళ్ల కుక్కకు రెండు ఈతలకు మించి కుదరవు. ఆ షెడ్డు మనిషి మాకు చెప్పిన జవాబులోనే నేరం ఉంది, అది నేరమన్న సంగతి అతనికి తెలిసినట్టు లేదు. తెలిసినా భయపడేవాడా అన్నది వేరే ప్రశ్న. మూలచట్టం 1960 నాటిది. దాని ప్రకారం జంతువును హింసించిన మనిషికి మొదటిసారి పడే జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా. ఇవాళ్టికీ అంతే. యాభై రూపాయలకు ఇవాళ కుక్కపిల్ల మెడపట్టీ కూడా రాదు.

ఇంగ్లండులో ఒక తల్లికుక్క పేరుమీదే చట్టం వచ్చింది. లూసీ అనే కవాలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్‌ను 2013లో వేల్స్‌లోని ఒక పిల్లల ఫ్యాక్టరీ నుంచి బయటికి తెచ్చారు. బోనులో మసలడానికి చోటులేక దాని తుంటికీళ్లు బిగుసుకుపోయాయి, వెన్ను వంగిపోయింది. 2016లో అది చనిపోయింది. దాన్ని సాకినవాళ్లు, కొందరు పశువైద్యులు ఏళ్లతరబడి పోరాడాక 2020 ఏప్రిల్ 6 నుంచి అక్కడ లూసీ చట్టం అమల్లోకొచ్చింది. ఆరునెలల లోపు పిల్లను దళారులు, దుకాణాలు అమ్మడానికి వీల్లేదు. పెంచినవాళ్ల దగ్గరే కొనాలి, లేదా శరణాలయం నుంచి తెచ్చుకోవాలి. అమ్మేవాళ్లు పిల్లను అది పుట్టిన చోటే, తల్లితో కలిపి చూపించాలి. మన సామెత అక్కడ చట్టమై కూర్చుంది.

తల్లితో కలిపి చూడాలనడంలో మనసు సంగతి కొంత, ఒంటి సంగతి చాలా ఉన్నాయి. మన దగ్గర ముప్పై, ముప్పై అయిదు రోజుల పిల్లల్ని అమ్మేస్తారు. చిన్నగా ఉంటే ముద్దొస్తుంది, చూసినవాళ్లు వదల్లేరు, ఇంకో మూడు వారాల తిండి ఖర్చు మిగులుతుంది. పిల్లకు తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ అప్పటికి తగ్గిపోతూ ఉంటుంది, టీకా రక్షణ ఇంకా మొదలుకాదు. సరిగ్గా ఆ సందులోకి పార్వో దూరుతుంది. ఈ వైరస్ లోకానికి కొత్తది, 1978 ప్రాంతంలో బయటపడింది. నేలమీద, గిన్నెలమీద, చెప్పులకింద నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కు లొంగదు, బ్లీచింగ్ కావాలి. ఒంట్లో చేరాక లక్షణాలు కనబడడానికి కొన్ని రోజులు పడుతుంది. అందుకే అమ్మేచోట గంతులేసిన పిల్ల ఇంటికొచ్చిన నాలుగోరోజుకు తిండి మానేస్తుంది, అయిదోరోజుకు వాంతులు, నెత్తుటి విరేచనాలు. పశువుల ఆసుపత్రి బల్లమీద అలాంటి పిల్లను ఒకదాన్ని చూశాను. చిటికెన వేలంత కాలికి సెలైన్ సూది, దాని చుట్టూ తెల్ల టేపు. ఒక పాప దాని చెవి దగ్గర నోరుపెట్టి పేరుపెట్టి పిలుస్తోంది. ఆ పేరు పెట్టి అప్పటికి వారం కూడా కాలేదు. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారో వారం దాకా వేయించాలి. తల్లికే టీకాల్లేని చోట, షెడ్డు నేలంతా వైరస్ ఉన్నచోట, పిల్లకు ఎవరు ఎంత తొందరగా వైద్యం చేయించినా ఆలస్యమే.

ఒంటి సంగతి అది. బుద్ధి సంగతి అమెరికాలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు జాక్సన్ ప్రయోగశాలలో ఏళ్లపాటు కుక్కపిల్లల్ని పెంచి చూసి, 1965లో పుస్తకంగా రాశారు. పిల్ల ఈ లోకంతో పరిచయం చేసుకునేది మూడో వారం నుంచి పన్నెండో వారం లోపే అని వాళ్లు తేల్చారు. ఆ రోజుల్లో మనుషుల్ని, చప్పుళ్లను, తోటి కుక్కల్ని చూడని పిల్లకు తర్వాత అన్నీ భయమే. పంటిగాటు ఎంతవరకు వేయవచ్చో తోడబుట్టినవే దానికి నేర్పుతాయి. గట్టిగా కొరికితే అవతలి పిల్ల కుయ్యిమని ఆట మానేస్తుంది, తల్లి గుర్రుమని పక్కకు నెట్టేస్తుంది. ముప్పైరోజులకే అట్టపెట్టె ఎక్కిన పిల్లకు ఈ చదువు లేదు. ఏడాది తర్వాత అది ఇంట్లో చిన్నబాబును కరిస్తే ‘ఈ జాతే అంత’ అంటాం. గొలుసుతో డాబామీద కట్టేస్తాం, లేదా కారెక్కించి ఊరవతల దించేసి వస్తాం.

ఇక జాతుల పేరుతో మనం చేస్తున్నది చూడండి. 2003 ప్రాంతంలో హచ్ ఫోన్ ప్రకటనలో ఒక బాబు వెంట పగ్ నడిచాక, దేశమంతా పగ్‌ల మీద పడింది. ముఖం ఎంత చదునుగా ఉంటే అంత గిరాకీ. ఆ ‘పంచ్ ఫేస్’ కోసం తరతరాలుగా పుర్రెను పొట్టి చేసుకుంటూ పోయారు. పుర్రె కుదించుకుపోయింది కానీ, లోపల ఉండాల్సిన అంగిలి, నాలుక, కండ అంతా అలాగే ఉండి గొంతుకు అడ్డంపడ్డాయి. ముక్కురంధ్రాలు సన్నటి గీతలయ్యాయి. పగ్ గురక పెడుతుంటే ఇంటిల్లిపాదీ మురిసిపోతాం. అది ఊపిరాడక చేసే చప్పుడు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పుతూ వేడిని బయటికి పంపాలి. రొప్పడానికే దారిలేని కుక్కను రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో పెంచుతామంటే అది దానికి రోజూ గండమే. బుల్‌డాగ్‌ల సంగతి ఇంకా దారుణం. తల పెద్దది, తల్లి కటి సన్నం. బ్రిటన్‌లో చేసిన పరిశీలనలో బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ కాన్పుల్లో 80 శాతానికి పైగా సిజేరియన్లే. తనంతట తాను ఈనలేని ప్రాణిని తయారుచేసి, దానికి వేలు, లక్షలు ధర కడుతున్నాం. ఈ సంగతులన్నీ 2008లో బీబీసీ ఒక డాక్యుమెంటరీలో చూపించినప్పుడు బ్రిటన్‌లో పెద్ద దుమారం రేగింది. మరుసటి ఏడాది క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శనను ఆ సంస్థ ప్రసారం చేయలేదు. అక్కడి కెన్నెల్ క్లబ్ జాతి ప్రమాణాలను తిరగరాసుకోవాల్సి వచ్చింది. మన దగ్గర అలాంటి దుమారం ఇంకా రేగనేలేదు.

ఇదంతా చదివి, జాతికుక్కల్ని పెంచడమే పాపమని నేనంటున్నాననుకోకండి. తెలిసి, ఓర్పుతో చేస్తే ఆ పని ఎంత గొప్పదో చెప్పడానికి డాల్మేషియన్ కథ ఒక్కటి చాలు. తెల్లటి ఒంటిమీద నల్లమచ్చల కుక్క అది. మచ్చల అందం కోసం ఏరి ఏరి పెంచడంలో జాతి మొత్తానికీ ఒక జన్యులోపం అంటుకుంది. మూత్రంలో యూరిక్ ఆమ్లం ఎక్కువై రాళ్లు కడతాయి. మగకుక్కలకు మూత్రం బిగిసిపోయి ప్రాణం మీదికొస్తుంది. జాతిలో ఒక్క కుక్కలోనైనా మంచి జన్యువు మిగల్లేదు కాబట్టి, ఎన్ని మంచి డాల్మేషియన్లను జతకలిపినా లోపం పోదు. 1973లో రాబర్ట్ షైబుల్ అనే అమెరికన్ జన్యుశాస్త్రవేత్త ఒక డాల్మేషియన్‌ను ఒకే ఒక్కసారి పాయింటర్ అనే జాతితో జతకట్టించాడు. పుట్టిన పిల్లల్లో మంచి జన్యువు ఉన్నవాటిని ఎంచి తిరిగి డాల్మేషియన్లతోనే తరం వెంట తరం కలుపుతూ వచ్చాడు. కొన్ని తరాలకు చూడ్డానికి అచ్చమైన డాల్మేషియన్లు వచ్చాయి, రాళ్ల జబ్బు లేదు. 1981లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ వాటిని ఒప్పుకుంది. జాతి క్లబ్‌లోని సభ్యులు సంకరమైపోయిందని గొడవచేస్తే మళ్లీ తలుపు మూసేసింది. ఆ తలుపు తెరుచుకున్నది 2011లో. కుక్క బాధకన్నా వంశవృక్షం పరిశుభ్రత ముఖ్యమనుకున్నందుకు ముప్పై ఏళ్లు పోయాయి. ఆ ముప్పై ఏళ్లలో ఎన్ని కుక్కలు నొప్పితో మెలికలు తిరిగాయో! పెంపకమంటే షైబుల్ చేసిన పని. పై తరం కన్నా కింది తరం సుఖంగా బతకాలన్న పట్టుదల ఉంటేనే ఆ పనికి దిగాలి.

మన జాతుల్లోనూ ఇదే జాగ్రత్త అవసరం. రాజపాళయం కుక్క పాలలా తెల్లగా ఉండాలని పట్టుబట్టి రంగున్న పిల్లల్ని పక్కకు నెట్టేయడంతో ఆ జాతిలో చెవుడు పెరిగింది. రంగునిచ్చే కణాలే లోపలి చెవి పనిచేయడానికీ కావాలి, అవి కరువైతే వినికిడి పోతుంది. 2020లో ప్రధాని రేడియో ప్రసంగంలో ముధోల్, రాజపాళయం, చిప్పిపారై లాంటి దేశవాళీ జాతుల్ని పెంచుకోమన్నాక వాటికి గిరాకీ పెరిగింది. సంతోషించవలసిందే. గిరాకీ వెనకాలే షెడ్లూ బోనులూ వస్తాయన్నదే నా దిగులు. మన కొల్లేటి జోనంగి సంగతి ఇంకో రకం. ఒంటికి అంటుకుపోయినట్టుండే పొట్టి బొచ్చు, ముడతలు పడిన నుదురు, నేలను గుంటగా తవ్వుకుని పడుకునే అలవాటు. కృష్ణా, పశ్చిమగోదావరి జిల్లాల్లో బాతుల మందల్ని కాసింది ఇదే. కొల్లేరు చుట్టూ బాతులు తగ్గి చేపల చెరువులు పరుచుకున్నాక దానికి పని పోయింది, పనితోపాటు ఆదరణా పోయింది. మన ఎండకు, మన తిండికి తట్టుకునే జాతిని మన కళ్లముందే పోగొట్టుకుంటూ, సైబీరియా మంచులో బండి లాగే హస్కీని తెచ్చి ఏసీ గదిలో బంధిస్తున్నాం. జోనంగిని కాపాడే పని ఏదైనా మొదలైతే అది షోకు కోసం కాకుండా ఆరోగ్యం, వైవిధ్యం చూసుకుని జరగాలి.

జాతి మీద మక్కువ లేనివాళ్లకు, అంటే మనలో నూటికి తొంభైమందికి, కొనవలసిన అవసరమే లేదు. నటి అమల గారు 1992లో మొదలుపెట్టిన హైదరాబాద్ బ్లూక్రాస్, విశాఖ ఎస్పీసీఏ లాంటి చోట్ల, ఆ మాటకొస్తే మన వీధి చివరే, ఇల్లు కోరుకునే పిల్లలున్నాయి. వీధికుక్కల గురించి జనానికున్న భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాబు ప్రాణం పోయిన దృశ్యం చూసిన ఎవరూ తీసిపారేయలేరు. వీధిలో కుక్కలు తగ్గాలన్నా దారి ఇదే. పిల్లగా ఉన్నప్పుడే ఇంటికి తెచ్చి, రేబిస్ టీకా వేయించి, వయసొచ్చాక ఆపరేషన్ చేయిస్తే వీధిలో పుట్టబోయే పిల్లలు తగ్గుతాయి. జాతికుక్కను కొని, విసుగుపుట్టి వదిలేస్తే ఆ సంఖ్య పెరుగుతుంది.

మా మిత్రుడు ఆ షెడ్డు చూసొచ్చాక తెనాలి దగ్గర ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడి పేరు ఎవరో చెప్పారు. ఆయనింట్లో ఒకటే ఆడ లాబ్రడార్. దానికి రెండేళ్లు నిండాక తుంటికి ఎక్స్‌రే తీయించి, బాగుందని డాక్టరు చెప్పాకే జతకట్టించారు. మేం వెళ్లేసరికి అది వరండాలో చాపమీద పడుకుని, లేచి వచ్చి మా చేతులన్నీ నాకి, మళ్లీ వెళ్లి ఆయన కుర్చీ కింద దూరింది. మాస్టారు మాకు మజ్జిగ ఇచ్చి ఒక నోట్‌బుక్ తీశారు. ఎవరికి పిల్లనిచ్చింది, వాళ్లింట్లో ఎవరెవరున్నారు, ఏ రోజు ఏ టీకా అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసి ఉన్నాయి. ఎవరైనా పెంచలేకపోతే ఎన్నేళ్లకైనా తిరిగి తన దగ్గరికే తేవాలన్నది ఆయన షరతు. మేం అడగవలసిన ప్రశ్నలన్నీ ఆయనే మమ్మల్ని అడిగారు. ‘పగలు ఇంట్లో ఎవరుంటారు బాబూ?’ ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తామండి, పిల్లలు బడికి వెళ్తారు అన్నారు మా మిత్రుడు. ‘అంటే తొమ్మిది గంటలు ఒక్కతే ఉండాలి. ఏమీ అనుకోకండి, నేనివ్వలేను’ అన్నారు మాస్టారు.

మా మిత్రుడు దారంతా మౌనంగా ఉన్నారు. డబ్బు చేతిలో పట్టుకుని వెళ్తే వద్దన్నవాళ్లను ఆయన అంతకుముందు చూడలేదు. మర్నాడు భార్యాభర్తలిద్దరూ మాట్లాడుకుని, పిల్లలు హైస్కూలుకు వచ్చి కాస్త బాధ్యత తెలిసేదాకా కుక్క వద్దనుకున్నారు. కుక్కమీద ప్రేమ ఉన్నవాళ్లు తీసుకోగల మంచి నిర్ణయాల్లో అదీ ఒకటి. అది తక్కువ ప్రేమేమీ కాదు.

మాస్టారి లాంటివాళ్లు తక్కువ. ఎక్కువగా కనబడేది మన ఇళ్లల్లోనే జరిగే ఇంకో రకం పెంపకం. ఇంట్లో ఆడకుక్క ఉంటుంది. ‘పాపం, దానికీ ఒక్కసారైనా పిల్లల్ని కనాలని ఉండదా’ అని అమ్మమ్మ అంటుంది, ‘ఒక్క ఈత అయితే ఆరోగ్యానికి మంచిదట’ అని పక్కింటివాళ్లంటారు. ప్రేమతో అనేమాటలే. కానీ ఒక ఈత ఈనితే కుక్కకు ఆరోగ్యం వస్తుందనడానికి వైద్యంలో ఆధారం లేదు. పైగా ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు గర్భసంచిలో చీముపట్టే జబ్బు వస్తుంది. స్వీడన్ బీమా సంస్థల లెక్కల్లో పదేళ్లు వచ్చేసరికి దాదాపు నాలుగింట ఒకదానికి వచ్చింది. వెంటనే కనిపెట్టకపోతే ప్రాణం పోతుంది. చన్నుల్లో గడ్డలు ఇంకో ముప్పు. ఆపరేషన్ ఏ వయసులో చేయించాలన్నది జాతిని బట్టి డాక్టరును అడగండి, చేయించడం మాత్రం మానకండి.

అయినా సరే మీ కుక్క పిల్లల్ని చూడాలని ఉందా? ముందు ఎక్స్‌రేలు, పరీక్షలు, రిజిస్ట్రేషన్ పూర్తిచేయండి. తర్వాత ఒక కాగితం తీసుకోండి. లాబ్రడార్ ఒక ఈతలో ఏడెనిమిది పిల్లల్ని పెడుతుంది. ఒక్కోటి పదేళ్లకు పైగా బతుకుతుంది. పదేళ్లపాటు రోజూ వాటిని నడిపించగల, ఎండాకాలం నీడ ఇవ్వగల, జబ్బుచేస్తే ఆసుపత్రికి తీసుకెళ్లగల ఎనిమిది ఇళ్ల పేర్లు ఆ కాగితం మీద రాయండి. ఫోన్ చేసి ఒక్కొక్కరినీ అడగండి. ఎనిమిదీ నిండకపోతే డాక్టరుకు ఫోన్ చేసి ఆపరేషన్‌కు రోజు ఖాయం చేసుకోండి.